నా గజ్జలోని వల: హెర్నియా మెష్‌తో పద్నాలుగు నెలలు

నరసాపురంలో లేసు వ్యాపారం చేసేవాణ్ణి కనుక దారం, అల్లిక, కన్ను (అల్లికలోని రంధ్రం) చూసి సరుకు విలువ కట్టడం నాకు ముప్ఫై ఏళ్ల అలవాటు. వశిష్ఠ గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఉన్న పల్లెల్లో ఆడవాళ్లు అల్లిన ముక్కలను సేకరించి ఎగుమతిదారులకు అప్పగించడం నా పని. అలాంటి నేను పద్నాలుగు నెలల కిందట ఒక అల్లిక సరుకును నా ఒంట్లోనే పెట్టించుకోవలసి వచ్చింది. పొట్టగోడ బలహీనపడిన చోట లోపలి పేగు బయటికి ఉబికే జబ్బు హెర్నియా. దానికి వేసే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ వల, మెష్ అది. పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు ఏడున్నర, తేలిక రకం. ఈ సమీక్ష ఆ సరుకు గురించీ, దాన్ని నాకు అమ్మి, అమర్చిన ఆసుపత్రి సేవ గురించీ. ఆసుపత్రి పేరు రాయడం లేదు. చెప్పబోయే లోపాలు ఆ ఒక్క చోటికే పరిమితమైనవి కావని తర్వాత నలుగురినీ విచారించినప్పుడు తెలిసింది కనుక, ఒకరిని వేలెత్తి చూపడం న్యాయమనిపించలేదు.

సఖినేటిపల్లి వైపు నుంచి వస్తూ, పంటు మీది నుంచి లేసు మూటను రేవులోకి దించుతుండగా కుడి గజ్జలో ఏదో జారినట్టయింది. ఇంటికొచ్చి చూసుకుంటే నిమ్మకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోయేది, దగ్గితే బయటికి వచ్చేది. మగవాళ్లలో నూటికి ఇరవై ఏడు మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు గజ్జ హెర్నియా వస్తుందనీ, ఆడవాళ్లలో అది నూటికి మూడేననీ డాక్టరుగారు చెప్పినప్పుడు, ఊళ్లో ఇంతమందికి ఉన్న జబ్బు గురించి ఎవరూ నోరు విప్పకపోవడానికి అది వచ్చే చోటే కారణమై ఉంటుందని అనుకున్నాను.

మెష్ ఎందుకన్నది అర్థం కావాలంటే బట్ట చిరిగినప్పుడు మనం చేసే పనులు రెండు గుర్తు తెచ్చుకుంటే చాలు. చిరుగు అంచులు రెంటినీ దగ్గరికి లాగి కుట్టడం ఒకటి, పైన అతుకు వేయడం రెండోది. ఇటలీలోని పాడువాలో ఎడొవార్డో బస్సీని అనే సర్జన్ 1880ల్లో స్థిరపరిచిన పద్ధతి మొదటిది. దాదాపు వందేళ్లు ప్రపంచమంతా అదే నడిచింది. లాగి కుట్టిన చోట బిగువు ఉంటుంది, బిగువు ఉన్న చోట కుట్టు కోస్తుంది, కోసిన చోట మళ్లీ చిరుగుతుంది. ఈ సంగతి లేసు అల్లే ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో ఫ్రాన్సిస్ అషర్ 1958లో మార్లెక్స్ అనే ప్లాస్టిక్ దారపు వలను అతుకుగా వేసిన ఫలితాలు ప్రకటించాడు. ఆ మార్లెక్స్ మొదట పాలిథిలీన్. తర్వాత పాలీప్రొపిలీన్‌కు మారింది. లాస్ ఏంజిలిస్‌లో లిక్టెన్‌స్టయిన్ బృందం 1989లో ప్రచురించిన, అంచులను అసలు లాగకుండా వలనే పరిచి కుట్టే పద్ధతి ఇప్పుడు జిల్లా ఆసుపత్రుల నుంచి పట్నాల దాకా వాడుకలో ఉన్నది. నాకు చేసిందీ అదే, వెన్నులో మత్తు ఇచ్చి.

ఇక సరుకు సంగతి. ఆపరేషన్ తర్వాత మూడోసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, గడువు దాటిపోయి పక్కన పెట్టిన మెష్ ప్యాకెట్ ఒకటి డాక్టరుగారి బల్ల మీద కనిపించింది. నా వ్యాపారం సంగతి తెలిసిన ఆయన నవ్వి, "మీరు చూస్తే ఏదో ఒక వంక పెడతారు, తీసుకెళ్లండి" అని చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి, దారపు పోగులు లెక్కపెట్టే భూతద్దం కింద పరిచాను. నేత కాదు, అల్లిక. అంటే పడుగూ పేకా లేవు, ఒక్కొక్క పోగూ పక్క పోగుతో గొలుసు కుట్టులా ముడిపడుతూ పొడవునా సాగుతుంది. అందుకే కత్తెరతో ఎటు కత్తిరించినా అంచు విడిపోలేదు. దారం ఒంటిపోగు, చేపల గాలానికి కట్టే దారంలా నిగారింపుగా ఉంది, మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. కళ్లు మాత్రం పెద్దవి. పెన్సిల్ మొన దూరేటంత. నిలువుగా లాగితే పెద్దగా సాగలేదు, అడ్డంగా లాగితే కొంత సాగింది. మడిచి వదిలితే తిరిగి విప్పుకుంది. మా ఆవిడ దాన్ని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పి, "ఇంత బోసి అల్లికా? నేనైతే ఇంత ఎడంగా వేస్తే మీరే ముక్క తిప్పి కొట్టేవారు. ఇది పేగుల్ని ఏం ఆపుతుందండీ?" అంది.

ఆమె అడిగిన ప్రశ్న సరైనదే. ఆ వల పేగులను ఆపదు. ఆపేది వేరొకటి ఉంది, వల దాన్ని పిలిపిస్తుందంతే. ఈ సరుకును కొనేవారు, అంటే ఒంట్లో పెట్టించుకునేవారు, అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఇదే అయినా, ఆసుపత్రిలో నాకు ఎవరూ చెప్పనిదీ ఇదే.

చిన్నప్పుడు కాలువగట్టు మీద నడుస్తుండగా అరికాలిలో తుమ్మముల్లు విరిగి ఉండిపోయింది. మొదట రెండు రోజులు సలిపింది, ఎర్రబడింది, ఆ తర్వాత నొప్పి తగ్గి, చుట్టూ చిన్న గట్టి గుళిక కట్టింది. శరీరం ముల్లును బయటికి నెట్టలేక, దాని చుట్టూ గోడ కట్టేసింది. 1882లో సిసిలీ దీవిలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త చేసిందీ ముల్లు ప్రయోగమే. గాజులా పారదర్శకంగా ఉండే సముద్ర నక్షత్రపు పిల్లల ఒంట్లో ముల్లు గుచ్చి, మర్నాడు చూస్తే సంచరించే కణాలు దాని చుట్టూ మూగి ఉన్నాయి. పరాయి వస్తువును కబళించడానికి వచ్చే భక్షక కణాల ఊహ అక్కడ పుట్టింది, 1908లో ఆయనకు నోబెల్ బహుమతీ తెచ్చింది. నా గజ్జలో జరిగినది ఆ ముల్లు కథే, పెద్ద ఎత్తున.

వల రక్తాన్ని తాకిన క్షణాల్లోనే దాని మీద ప్రోటీన్లు పూతలా అంటుకుంటాయి. అంటే శరీరం ప్లాస్టిక్‌ను నేరుగా ఎన్నడూ చూడదు, ఆ పూతనే చూస్తుంది. రక్తం గడ్డకట్టడానికి పనికివచ్చే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్, నీటిని ఒల్లని పాలీప్రొపిలీన్ మీద వాలగానే తన మడతలు విప్పుకుంటుంది. అప్పటిదాకా లోపల దాగిన భాగం బయటపడి, భక్షక కణాలకు గాయం గుర్తులా కనిపిస్తుంది. తొలి ఒకటి రెండు రోజులు న్యూట్రోఫిల్ అనే తెల్లరక్త కణాలు వచ్చి హడావుడి చేస్తాయి. నాకు వాపూ వేడీ ఎక్కువగా ఉన్నది ఆ రెండు రోజులే. వాటి వెనక మాక్రోఫేజ్ అనే పెద్ద భక్షక కణాలు వస్తాయి. బ్యాక్టీరియాను మింగినంత సులువుగా దారాన్ని మింగబోతాయి, కానీ దారం మందం ఆ కణం కన్నా అయిదారు రెట్లు. ఒంటరిగా చేతకాక, ఒకదానితో ఒకటి కలిసిపోయి, పదుల కొద్దీ కేంద్రకాలున్న మహాకణాలుగా మారి, దారాన్ని కౌగిలించుకుని ఆమ్లాలూ ఆక్సీకరణ రసాయనాలూ కుమ్మరిస్తాయి. ఇటలీ రసాయన శాస్త్రవేత్త జూలియో నట్టా 1954లో తయారుచేసిన ఈ ప్లాస్టిక్ అంత తేలిగ్గా లొంగేది కాదు. చివరికి అవి పంపే సంకేతాలు అందుకుని ఫైబ్రోబ్లాస్ట్ కణాలు రంగంలోకి దిగి, దారం చుట్టూ, కళ్ల గుండా, కొల్లాజెన్ నారను అల్లడం మొదలుపెడతాయి. మొదట మెత్తని రకం, క్రమంగా దాని స్థానంలో గట్టి రకం.

పెరట్లో పందిరి వేసి బీరపాదు పాకించినట్టే ఇదంతా. నీడనిచ్చేది పాదు, పందిరి దానికి దారి మాత్రమే చూపుతుంది. పాదు పూర్తిగా అల్లుకున్నాక పందిరి కర్రను ఒక్కటి లాగాలన్నా తీగలు తెంపక తప్పదు. పాత మెష్‌ను తీయవలసి వచ్చినప్పుడు ఆపరేషన్ అంత కష్టం కావడానికి కారణమూ అదే. ఇంకో సంగతి, ఈ వ్యవహారంలో రాజీ ఎప్పటికీ పూర్తి కాదు. ఏళ్ల తర్వాత తీసిన మెష్‌లను సూక్ష్మదర్శినిలో చూస్తే దారాన్ని అంటిపెట్టుకుని భక్షక కణాలు, మహాకణాలు అప్పటికీ ఉంటాయి. నివురుగప్పిన నిప్పు అన్నమాట. ఆ నిప్పు ఎంత చిన్నగా ఉంటే మనిషికి అంత సుఖం.

నిప్పు చిన్నగా ఉండడం దేని మీద ఆధారపడుతుందో తెలియజెప్పిన మాట నాకు ఆసుపత్రిలో కాక మా వీధి చివర దొరికింది. బియ్యపుతిప్ప నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దాయన, వయసులో పెద్దవాడు కనుక బాబాయ్ అంటాను, అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. మెష్ ముక్క చూపిస్తే దారం వైపు చూడనైనా లేదు, వల కంటిలో చిటికెన వేలి గోరు పెట్టి చూశాడు. "దీని కన్ను ఎంతని రాశారు అబ్బాయ్?" అన్నాడు. ఏ వలకైనా ముందు కన్నే చెబుతారట, దారం తర్వాతట. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి చదివితే శస్త్రచికిత్స నిపుణులు పదేళ్లు, ఇరవయ్యేళ్లు చర్చించి చేరుకున్నదీ దాదాపు అక్కడికే.

ప్రతి పోగు చుట్టూ భక్షక కణాలూ నారా కలిసి ఒక తొడుగు కడతాయి. కళ్లు చిన్నవైతే ఈ పోగు తొడుగు, ఆ పోగు తొడుగు పెరిగి పెరిగి కలిసిపోతాయి. మధ్యలో మామూలు కణజాలానికి చోటు ఉండదు. వల మొత్తం ఒకే గట్టి మచ్చ పలకగా బిగుసుకుంటుంది. ఆ పలక వంగదు, పైగా మచ్చ సహజంగా ముడుచుకుంటుంది కనుక వలను కూడా లాక్కుని ముడుచుకుంటుంది. పాలీప్రొపిలీన్ విషయంలో కన్ను ఒక మిల్లీమీటరు దాటితే తొడుగులు కలవకుండా మధ్యలో కొవ్వూ రక్తనాళాలూ పెరిగే వీలుంటుంది. అసలు కణాలూ నారా లోపలికి రావాలంటే 75 మైక్రాన్లయినా (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలని సర్జన్ పర్విజ్ అమిద్ 1997లో చేసిన మెష్‌ల వర్గీకరణ చెబుతుంది. అందులోనే ఇంకో అంకె నన్ను బాగా ఆలోచింపజేసింది. పేనిన దారంతో చేసిన వలల్లో పోగుకూ పోగుకూ మధ్య సందు 10 మైక్రాన్ల కన్నా తక్కువ; ఒక మైక్రాను ఉండే బ్యాక్టీరియా అందులోకి దూరుతుంది, దాన్ని తరిమే మాక్రోఫేజ్ దూరలేదు. పేనిన దారం మా లేసుకు అందం. ఒంట్లో అదే దొంగకు ఇచ్చిన దారి. నాకు వేసినది ఒంటిపోగు కావడం మంచిదయింది.

పాత తరం బరువు మెష్‌లు చదరపు మీటరుకు 80 నుంచి 100 గ్రాముల దాకా ఉండేవి. తేలిక రకాలు 50 గ్రాముల లోపు. దారం తగ్గితే బలం తగ్గదా అన్నది సహజమైన అనుమానం. పొట్టగోడ మీద పడే ఒత్తిడికి సెంటీమీటరుకు 16 న్యూటన్ల బలం చాలునని లెక్క కట్టారు. పాత వలలు అంతకు ఎన్నో రెట్లు భరించేవి, అంటే అనవసరమైన దారాన్నంతా మనుషులు మోశారు. అయినంత మాత్రాన తేలికదే అందరికీ మేలని నేను రాయను. పొట్టగోడలో కంత పెద్దదై, నేరుగా గోడ నుంచే ఉబ్బినప్పుడు, లాప్రోస్కోపీలో (చిన్న గాట్ల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్‌లో) మరీ తేలిక వల వేస్తే తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. డాక్టరు ఎంచవలసిన విషయమే ఇది. కాకపోతే ఎంచిన కారణం రోగికి చెప్పాలి.

ధర గురించి ఒక మాట. మహారాష్ట్రలో ధూలే జిల్లా దొండాయిచాలో డాక్టర్ రవీంద్రనాథ్ టోంగాంకర్ దోమతెర గుడ్డను శుద్ధి చేసి మెష్‌గా వాడి, 2003లో ఆ ఫలితాలను ప్రచురించారు. యుగాండాలో 302 మంది మగవాళ్ల మీద జరిపి 2016లో వెలువరించిన పరీక్షలో కూడా చవక దోమతెర వలకూ కంపెనీ వలకూ ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గోదావరి జిల్లాల్లో దోమతెర లేని ఇల్లు ఉండదు కనుక ఈ వార్త చెబితే జనం నవ్వుతారు, కానీ పీచు జాతి, కన్ను, శుద్ధి సరిగా ఉంటే శరీరం కంపెనీ పేరు అడగదని దాని అర్థం. సొంతంగా ఎవరూ ప్రయత్నించవలసిన పని కాదని వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు సేవ. ఆపరేషన్ చేసిన చేతికి వంక పెట్టలేను. కుట్టు సన్నగా, నిటారుగా మానింది. నర్సులు ఓపికగా చూశారు. నా ఫిర్యాదంతా మాటల దగ్గర. తొమ్మిదో రోజున గాటు కింద వేలు పెడితే తాడులాంటి గట్టి గట్టు తగిలింది. వల ముడుచుకుపోయిందేమో, చీము పట్టిందేమో అని రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారి ఫోన్ చేస్తే తీసిన అమ్మాయి, "అది మామూలేనండీ, అందరికీ వస్తుంది" అని పెట్టేసింది. మామూలే నిజమే, నార అల్లుకుంటున్న గట్టు అది, ఆరు వారాల నాటికి మెత్తబడి, మూడు నెలలకు వెతికితే గాని దొరకనంత అయింది. కానీ అందరికీ వచ్చేదైతే అందరికీ ముందే చెప్పవలసిన మాట కూడా అదే కదా. దానితో పాటు ఎప్పుడు మామూలు కాదో కూడా చెప్పాలి: జ్వరం, ఎరుపు పాకడం, చీము కారడం, రోజురోజుకూ పెరిగే నొప్పి. ఆ నాలుగూ డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో ఒక మూల ఉన్నాయి, మా ఇంట్లో అది చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, అప్పటికి నాకు మత్తు వదలలేదు.

రెండో ఫిర్యాదు ఇంకా పెద్దది. మెష్ ప్యాకెట్‌తో పాటు తయారీదారు పేరు, రకం, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న చిన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి ఆసుపత్రి రికార్డుకు, ఒకటి రోగికి. నా బిల్లులో ఉన్నది "మెష్, 1" అన్న ఒక్క పద్దు. పది రూపాయల దారం ఉండకు రంగు నంబరు, లాట్ నంబరు చూసి కొనే నేను, చచ్చేదాకా ఒంట్లో ఉండే వస్తువుకు ఆ వివరాలు లేకుండా డబ్బు కట్టాను. స్టిక్కర్ కోసం మూడుసార్లు తిరిగాను. మొదటిసారి రికార్డు గది తాళం, రెండోసారి "అవన్నీ మీకెందుకండీ" అన్న జవాబు, మూడోసారి డాక్టరుగారే స్వయంగా లేచి వెళ్లి తెచ్చి ఇచ్చారు. ఇంప్లాంట్ల వల్ల వచ్చే ఇబ్బందులను నమోదు చేయడానికి దేశంలో 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. రేపు ఒక బ్యాచ్‌లో లోపం బయటపడితే, ఆ నంబరు చేతిలో లేని రోగి తన ఒంట్లో ఉన్నది అదో కాదో ఎలా తేల్చుకుంటాడు?

రేవులో, సంతలో నన్ను అడిగినవాళ్ల అనుమానాలు కొన్ని. కిడ్నీ మార్చినవాళ్లలా జీవితాంతం మందులు మింగాలా అని అడుగుతారు. అక్కర్లేదు; పరాయి కిడ్నీని తిరస్కరించేది దాని ప్రోటీన్ గుర్తులను పట్టే టీ కణాలు అనే తెల్లరక్త కణాలు, ప్లాస్టిక్‌కు అలాంటి గుర్తులు లేవు. ఎమ్మారై స్కాన్‌కు అడ్డమా అంటే, లోహం కాదు కనుక కాదు. ఇక నొప్పి ఉంటుందా అన్న ప్రశ్నకు మాత్రం నిజాయితీగా జవాబు చెప్పాలి. మూడు నెలలు దాటినా వదలని నొప్పి నూటికి పది పన్నెండు మందికి ఉంటుంది. దానికి నరం గాయపడడం, కుట్టులో నరం చిక్కడం, మచ్చ బిగుసుకోవడం, ఇలా కారణాలు పలు విధాలు. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించేటప్పుడు ఆ అంకె నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే మానుకునేవాణ్ణి కాదు, ఆ ఉబ్బుతో మూటలు మోయడం ఇంకా ప్రమాదం. కానీ తెలిసి ఒప్పుకునేవాణ్ణి.

అయిదుకు లెక్క వేయమంటే వలకు నాలుగున్నర, ఆపరేషన్‌కు నాలుగు, మాటకు ఒకటి. వలకు అర మార్కు ఎందుకు తగ్గించానంటే, ఎక్కువసేపు గొంతుకూర్చుని లేచినప్పుడు కుడి గజ్జలో కాగితం మడత పడినట్టు చిన్న బిగువు తెలుస్తుంది. మచ్చ ముడుచుకుంటే వల కూడా అయిదో వంతు దాకా కుంచించుకుంటుందని తెలిసే, కంతను దాటి ముందే వెడల్పుగా పరుస్తారట. నాకు తెలిసే ఆ బిగువు దానిదేనని డాక్టరుగారి అభిప్రాయం.

పోయిన నెల చివరిసారి చూపించుకున్నాను. నిలబెట్టి, గజ్జ మీద రెండు వేళ్లు ఆన్చి, దగ్గమన్నారు. గట్టిగా దగ్గాను. మళ్లీ దగ్గమన్నారు. "ఏమీ లేదు, మూటలు మోసుకోండి, కాస్త చిన్నవి కట్టుకోండి" అన్నారు. స్టిక్కర్‌ను దారం నంబర్ల పుస్తకంలో, నలభయ్యో నంబరు తెల్లదారం పద్దు పక్కన అంటించాను. మెష్ ముక్క ఇప్పుడు మా ఆవిడ సూదుల పెట్టెలో ఉంది. ఆ గొలుసు కుట్టు ఎలా తిరిగిందో ఇంకా తేల్చుకోలేదట.